పల్లెవెలుగు ఎక్కి ఫ్రెంచి రేవుకు

యానాం వెళ్ళేవారిలో చాలామంది కారులో వెళతారు. కాకినాడ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. గంటలోపే చేరి, పెట్రోలు కొట్టించుకుని, ఊరు పుదుచ్చేరి పాలనలోది కాబట్టి అక్కడి పన్నుల లెక్కన చవగ్గా దొరికే సీసాలేవో కొనుక్కుని, గోదావరి ఒడ్డున నాలుగు ఫోటోలు దిగి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తారు. దారిలో నాలుగు పాత రేవులు దాటి వెళ్ళామని వాళ్ళకి ఎవరూ చెప్పరు.

ఈ దారిని చూడాలంటే పల్లెవెలుగు బస్సే మేలు. ఖర్చు తక్కువన్నది ఒక్కటే కారణం కాదు. ఆ బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంది. గోదావరి డెల్టాలో రేవు పట్నాల చరిత్ర కోటల్లోనూ మేడల్లోనూ పెద్దగా మిగల్లేదు. తుఫానులు కొంత పట్టుకుపోయాయి, ఒండ్రు కొంత పూడ్చేసింది. ఊళ్ళ పేర్లు, కాలువ మలుపులు, నది పాయలు, ఒక రాష్ట్రం మధ్యలో ఇంకో ప్రభుత్వం సరిహద్దు, ఇవే మిగిలాయి. వీటిలో దేనికీ టికెట్ లేదు. కావలసిందల్లా దిగడానికి తీరిక, నడవడానికి ఓపిక.

కాకినాడలో బస్సు జగన్నాథపురం వంతెన దాటుతుంది. అవతల పేట ఒకప్పుడు డచ్చివారి స్థావరం. 1824లో లండన్‌లో ఇంగ్లీషు, డచ్చి ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు ఇది ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. సుమత్రాలో, మలక్కాలో ఎవరిది ఎవరికన్న పెద్ద పంపకంలో మన జగన్నాథపురం కూడా ఒక చిన్న వాటా. వంతెన మీద బస్సు నెమ్మదించినప్పుడు కిటికీలోంచి కిందికి చూస్తే కాలువలో బోట్లు వరసగా కట్టి ఉంటాయి.

తర్వాత చొల్లంగి. తక్కువ ఖర్చుతో తిరగడమనే విద్య ఈ నేలకు కొత్తది కాదని చెప్పే ఊరు ఇది. పుష్య బహుళ అమావాస్యను ఇక్కడ చొల్లంగి అమావాస్య అనే అంటారు. ఆ రోజు గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెడతారు. గోదావరి ఏడు పాయలు కడలిలో కలిసే ఏడు చోట్లా మునిగి, మాఘంలో భీష్మ ఏకాదశి నాటికి అంతర్వేది చేరతారు. కాలినడకన, పడవల మీద, మూటలో అటుకులతో, సత్రం అరుగు మీద నిద్రతో తరతరాలుగా సాగిన యాత్ర. డెల్టా భూగోళాన్ని పాదాలతో నేర్చుకునే పద్ధతి అది. ఇప్పటి ప్రయాణికుడికి అంతకన్నా మంచి గురువు దొరకడు.

కోరంగిలో మాత్రం తప్పకుండా దిగాలి.

ఈ పేరు వినగానే అందరికీ మడ అడవులే గుర్తొస్తాయి. సబబే. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఇది. 1978 నుంచి రక్షణలో ఉంది. నీటిపిల్లులు తిరిగే చోటు. మడచెట్ల మధ్య చెక్క బాట వేశారు. ప్రవేశ రుసుం చిన్నదే. బోటు షికారుకే ఖర్చవుతుంది కాబట్టి నలుగురైదుగురు కలిసి పంచుకోవాలి. లేదంటే ఆ బాట మీద నడిస్తే చాలు. అయితే వేళ చూసుకుని వెళ్ళాలి. పోటు మీద వెళితే చెట్లు నీళ్ళలో నిలబడి ఉంటాయి, చూడ్డానికి అందం. పాటు మీద వెళితే బురద బయటపడుతుంది. మట్టిలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేళ్ళు, ఎర్ర పీతలు, బురదలో గెంతే చేపలు అప్పుడే కనిపిస్తాయి. ఈ కాలమ్ రాసేవారి ఓటు పాటుకే.

అడవికి ముందు ఇక్కడ పట్నం ఉండేది. ఓడలు కట్టే రేవు, ఓడలు బాగుచేసే రేవు. 1802లో ఎబెనీజర్ రోబక్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఇక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కట్టించాడు. రంగూన్‌కు కూలికి, వర్తకానికి వెళ్ళిన తెలుగువారు ఈ రేవులోనే ఎక్కారు కాబట్టి బర్మాలో తెలుగువాళ్ళందరికీ కోరంగీలన్న పేరు స్థిరపడిపోయింది. ఆ ఊరిని సముద్రం రెండుసార్లు మింగింది. 1789 డిసెంబరులో ఒకదాని వెనక ఒకటిగా మూడు మహా అలలు వచ్చాయని తుఫానులను శాస్త్రంగా చదివిన హెన్రీ పిడింగ్టన్ నమోదు చేశాడు. మొదటి అలకు పట్నంలోకి నీళ్ళొచ్చాయి, రెండో అలకు పల్లపు నేలంతా మునిగింది, మూడోది సర్వం తుడిచిపెట్టింది. మిగిలినవారు మళ్ళీ ఊరు కట్టుకున్నారు. 1839 నవంబరులో మళ్ళీ ఉప్పెన. ఆ తర్వాత కోరంగి పాత కోరంగి కాలేదు.

అయితే నేరమంతా తుఫానులదే అనడం న్యాయం కాదు. గోదావరి తెచ్చే ఒండ్రు ఏటేటా మేటలు వేస్తూ పెద్ద ఓడల దారి మూసేసింది. ఆ ఇసుకే కాస్త ఉత్తరాన పొడవాటి నాలుకలా సాగి హోప్ ఐలాండ్ అయింది, కాకినాడ ముందు అలలకు అడ్డు నిలిచింది. దాని చాటున కాకినాడ రేవు పెరిగింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి రాకుండా పోయినప్పుడు మన పత్తి ఓడలెక్కింది ఆ కొత్త రేవులోనే. ఒక నది ఒక రేవును చంపి పక్కదానికి ప్రాణం పోసింది. కోరంగి ఒడ్డున నిలబడితే ఈ మొత్తం కథ కాళ్ళ కింద మట్టి రూపంలో ఉంటుంది. ఊళ్ళో ఈ విషయం చెప్పే పెద్ద బోర్డు ఒకటి, డాక్ ఎక్కడుండేదో చూపే గుర్తు ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది! బడిపిల్లల విహారయాత్రలు హైదరాబాదు దాకా వెళ్ళనక్కర్లేదు, ఇక్కడికి వస్తే చాలు.

మళ్ళీ బస్సు. తాళ్ళరేవు దగ్గర చెక్క బోట్లు కట్టే వడ్రంగం ఇంకా బతికుంది. పని జరుగుతున్నప్పుడు వెళ్ళి, పలకరించి, అడ్డం రాకుండా పక్కన నిలబడితే ఎవరూ కాదనరు. ఇంజరం మరీ చిన్న ఊరు. 18వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టి సన్నబట్ట కొని ఓడలకెత్తింది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి దాన్ని పట్టుకున్నాడు. యూరపులో వాళ్ళిద్దరికీ యుద్ధమైతే ఇక్కడ మన సాలెవాళ్ళ మగ్గాలు ఆగిపోయేవి.

యానాంలో ఫ్రెంచివారు 1723లో దిగారు, లాభం లేదని కొన్నాళ్ళకు వదిలేశారు, 1731లో మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత ఇంగ్లీషువారు పట్టుకోవడం, మళ్ళీ ఇచ్చెయ్యడం ఎన్నోసార్లు జరిగింది. మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో 55,626 మంది జనం. బస్సు దిగాక ఆటో అక్కర్లేదు. సెయింట్ ఆన్స్ చర్చి, పరిపాలనాధికారి కార్యాలయం, గోదావరి గట్టు, అన్నీ నడిచేంత దూరంలోనే.

ఇక్కడ చూడవలసిన అసలు స్మారకం సరిహద్దు. కంటికి అది దుకాణాల బోర్డుల మీద మాత్రమే కనిపిస్తుంది. కానీ దాని వల్ల ఎన్ని బతుకులు మారాయో! 1930 ఏప్రిల్‌లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక బ్రిటిష్ ఆంధ్రలో పసిపిల్లల పెళ్ళి నేరమైంది. ఫ్రెంచి పాలనలోని యానాంకు ఆ చట్టం వర్తించదు కాబట్టి అప్పుడు కుటుంబాలు బళ్ళు కట్టుకుని యానాం వచ్చి తాళి కట్టించుకుని వెళ్ళాయి. కల్యాణాల ఊరని పేరు తెచ్చిన ఆ పందిళ్ళ కింద కూర్చున్న పిల్లల సంగతి కూడా తలుచుకోవాలి. మంగళవారం సంతకు విదేశీ సరుకు కోసం చుట్టుపక్కల జనం దిగేవారు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందు నడవగా జనం పరిపాలనను తమ చేతుల్లోకి తీసుకున్నారు. నవంబరు 1న ఫ్రాన్స్ అధికారం అప్పగించింది, చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టులో జరిగింది. కవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బాల్యం కొంత ఈ వీధుల్లోనే గడిచింది. బయలుదేరే ముందు బొల్లోజు బాబా రాసిన ‘ఫ్రెంచిపాలనలో యానాం’ చదివితే మాత్రం ప్రతి వీధి మలుపూ మాట్లాడుతుంది. గైడుకు ఇచ్చే డబ్బు పుస్తకానికి పెట్టడం మంచి లెక్క.

తిండి సంగతి. వరదల కాలంలో సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదుతూ పులస వస్తుంది. పుస్తెలమ్మైనా తినాలన్నారు గానీ, ఒక్క చేప పదిహేను, ఇరవై వేలకు వేలం పోయిన రోజులున్నాయి. చేతిలో డబ్బు తక్కువైతే వేలంపాట చూడాలి, ఆ ధర పలికే గొంతుల జోరు వినాలి, తర్వాత చిన్న హోటల్లో మామూలు చేపల పులుసుతో అన్నం తినాలి. గోదావరి జిల్లాల చేతిరుచి ఆ పులుసులోనూ ఉంటుంది. అయితే జూలై, ఆగస్టుల్లో వచ్చేవారు దవళేశ్వరం దగ్గర వరద ఎంతుందో ముందే కనుక్కోవాలి. హెచ్చరిక ఉంటే రాకూడదు. నవంబరు తుఫానుల నెల. 1996 నవంబరు 6 రాత్రి ఈ తీరాన్ని తాకిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి.

రాత్రి బస యానాంలో ఖరీదనిపిస్తే కాకినాడలో స్టేషను దగ్గరి లాడ్జీలున్నాయి. పొద్దున్నే బయలుదేరినవారు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళనక్కర్లేదు. ఒకప్పుడు యానాం దగ్గర బస్సులు కూడా పంటు అనే పెద్ద పడవ ఎక్కి గోదావరి పాయ గౌతమిని దాటేవి. ఇప్పుడు ఎదుర్లంకకు లోక్‌సభ మాజీ స్పీకరు బాలయోగి పేరు పెట్టిన వారధి ఉంది. బస్సులో అది దాటి, ముమ్మిడివరం, అమలాపురం మీదుగా ముక్తేశ్వరం చేరితే అక్కడి నుంచి కోటిపల్లికి పంటు ఉంది. స్కూటర్లు, కొబ్బరికాయల బస్తాలు, కాలేజీ పిల్లలు, పెళ్ళికి పోయే చుట్టాలు అందరూ ఒకే పంటు మీద నిలబడి గౌతమి దాటుతారు. కోటిపల్లి నుంచి ద్రాక్షారామం దగ్గరే, కాకినాడకైనా రాజమండ్రికైనా అక్కడ బస్సు దొరుకుతుంది. సాయంత్రం ఆఖరి పంటు ఎన్నింటికో ముక్తేశ్వరం రేవులో దిగగానే అడిగి తెలుసుకోవాలి.