ఉర్లగడ్డకు మన చిక్కదనం

ఆదోనిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడడం శిక్షే. అందుకే ఆ రోజుల్లో పొద్దున్నే చేసి పెట్టుకుని చల్లగా తినే వంటలంటే నాకు ప్రాణం. వాటిలో మొదటిది చిక్కటి ఉర్లగడ్డ సలాడ్. జొన్నరొట్టె పక్కన అది ఉంటే ఇంకో కూర వెతుక్కోను.

పెళ్లి విందుల్లో రష్యన్ సలాడ్ పేరుతో వడ్డించేదీ ఉర్లగడ్డ సలాడే. దాని మూలం మాస్కోలో ఉంది. 1860లలో హెర్మిటేజ్ అనే భోజనశాలలో లూసియన్ ఒలివియే అనే వంటగాడు దాన్ని ప్రసిద్ధం చేశాడు. ఇప్పుడు చేసే ఆ సలాడ్‌కు మయొనైజే ఆధారం. పచ్చి గుడ్డుసొనలో నూనెను చుక్కచుక్కగా పోస్తూ గిలక్కొడితే అది తయారవుతుంది. చలిదేశంలో సరే, మన ఎండల్లో పచ్చిసొన ప్రమాదం. పచ్చిగుడ్డు మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది కూడా.

అయితే చిక్కదనాన్నే వదులుకోవాలా? అక్కర్లేదు. మయొనైజ్‌లో గుడ్డుసొన ఏ పని చేస్తోందో గమనిస్తే దారి దొరుకుతుంది. నూనె, నీరు కలవవు. సొనలోని లెసిథిన్ నూనెను సన్నటి బిందువులుగా పట్టి ఉంచి, నీటిలో నిలబెడుతుంది. మా ఎర్రనేలల్లో పండే వేరుశనగ గింజకూ ఆ శక్తి ఉంది. గింజ బరువులో దాదాపు సగం నూనె, పావు వంతు మాంసకృత్తులు. నీళ్లు పోసి మెత్తగా రుబ్బితే ఆ మాంసకృత్తులే నూనెను విడిపోకుండా పట్టుకుంటాయి. మన పల్లీచట్నీ తెల్లగా, చిక్కగా వచ్చేది ఇందుకే.

ఇది నా సొంత తెలివేమీ కాదు. ఉర్లగడ్డ పుట్టినిల్లయిన పెరూలో, అరెకిపా నగరంవాళ్లు ఉడికించిన దుంపల మీద ఒకోపా అనే చిక్కటి ముద్ద పోసుకుంటారు. అందులో మిరపకాయలు, వేయించిన వేరుశనగలు, జున్ను ఉంటాయి. ఈ దుంప, ఈ గింజ, ఈ మిరప మూడూ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే. మనం వాటిని కలిపితే పాత చుట్టరికాన్ని మళ్లీ కలిపినట్టే.

అరకిలో ఉర్లగడ్డలకు కొలత చెబుతాను. వేరుశనగ ముద్దకు తోడుగా పెరుగూ కావాలి. ముందురోజు రాత్రే అరలీటరు గట్టి పెరుగును పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి, ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడదీస్తాను. ఆదోని పత్తికి పేరున్న ఊరు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు. పక్కపక్కనే ఉన్న ఆ రెండు ఊళ్ల మధ్య బతికే మేం, పెరుగు వడకట్టడానికి మంచి నూలుగుడ్డ కోసం దూరం పోనక్కర్లేదు. తెల్లారేసరికి నీరు దిగిపోయి పెరుగు వెన్నలా గట్టిపడుతుంది.

అరకప్పు వేరుశనగలు సన్నసెగ మీద వేయించి, పొట్టు తీసి, అరగంట వేడినీళ్లలో నానబెట్టాలి. రెండు పచ్చిమిరపకాయలు, కాస్త ఆవపొడి, ఉప్పు చేర్చి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మిక్సీలో రుబ్బాలి. వేళ్ల మధ్య పట్టి చూస్తే పలుకు తగలకూడదు. ఓపిక అంతా ఇక్కడే కావాలి. గరుకుగా మిగిలితే అది చట్నీ అవుతుందే తప్ప సలాడ్‌కు పట్టదు.

ఉర్లగడ్డలకు కుక్కర్ వద్దు, అందులో తేలిగ్గా పగిలిపోతాయి. తొక్కతోనే చల్లటి ఉప్పునీళ్లలో వేసి, మెల్లగా ఉడికించాలి. మరిగే నీళ్లలో వేస్తే పైపొర చిదిమిపోయి లోపల గట్టిగా ఉంటుంది. కత్తి మొన ఇట్టే దిగిందంటే దించేయాలి. వెచ్చగా ఉండగానే తొక్క తీసి, ముక్కలు కోసి, నిమ్మరసం, ఉప్పు చల్లాలి. వేడి ముక్క పులుపును లోపలికి లాక్కుంటుంది. చల్లారాక చల్లితే పైపైనే మిగిలిపోతుంది. పూర్తిగా చల్లారితే లోపలి పిండిపదార్థం బిగుసుకుని ముక్క విరగదు. అప్పుడే పెరుగు, వేరుశనగ ముద్ద కలపాలి. వేడిలో కలిపితే పెరుగు విరిగి నీళ్లూరుతుంది. చివర్లో నీళ్లలో నానబెట్టి పిండిన ఉల్లిపాయ ముక్కలు, కీరదోస, కొత్తిమీర. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే రుచులన్నీ ఒకదానికొకటి పడతాయి. ఆ పూటకే తినాలి. ఎండలో బయట పెట్టకూడదు.

ఇలాంటి వంట చేస్తున్నప్పుడల్లా నాకు బలంగా అనిపించేది ఒకటే. దూరదేశపు వంటకాన్ని మన ఇంట్లో చేయడానికి, ఆ దేశపు సీసా కొని తెచ్చుకోవడం ఒక్కటే మార్గం కాదు. అందులో ప్రతి వస్తువూ ఏం పని చేస్తుందో తెలుసుకుంటే, ఆ పని చేయగలిగే వస్తువు మన చేలో, మన బజార్లో తప్పకుండా కనిపిస్తుంది. వంట నేర్పేటప్పుడు పిల్లలకు కొలతలు చెప్పి ఆపకండి, ఏది ఎందుకు వేస్తున్నామో కూడా చెప్పండి. ఆ ‘ఎందుకు’ తెలిసిన పిల్లలు రేపు ఏ ఊళ్లో బతికినా, అక్కడ దొరికేదాంతో కడుపునిండా మంచి తిండి వండుకోగలరు.