ప్రార్థనలో పెట్టడమంటే

తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు క్రైస్తవుల ఇళ్లలో పెళ్లి సంబంధం వచ్చినా, చెరువు లీజు మాటకొచ్చినా, ఇంట్లో ఎవరైనా కువైట్ వెళ్తానన్నా మొదట వినిపించే మాట ఒకటే: "ప్రార్థనలో పెట్టామండి." బయటివాళ్లకు ఇది మర్యాదగా వాయిదా వేయడంలా తోచవచ్చు. కానీ ఆ మాట వెనక ఒక పద్ధతి ఉంది. పెద్దలు పిల్లలకు నేర్పుతూ వచ్చిన పద్ధతి అది. ఇప్పుడు మాట మిగిలి పద్ధతి జారిపోతోందన్న దిగులుతో ఇది రాస్తున్నాను.

గోదావరి డెల్టాకు ఈ పద్ధతి వచ్చిన దారుల్లో ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి భార్యలతో బయల్దేరి మచిలీపట్నం చేరారు. తర్వాత నరసాపురం, పాలకొల్లుల్లో స్థిరపడ్డారు. నందన కరువు పోయి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైందే 1847లో. అలాంటి నేలకు వచ్చిన ఆ ఇద్దరికీ నెలనెలా జీతం పంపే మిషన్ సొసైటీ ఏదీ లేదు. వాళ్లను తీసుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, ఎక్సెటర్‌లో బాగా నడుస్తున్న పంటి వైద్యాన్ని వదిలేసి వచ్చినవాడు. ఆయన చెల్లెలిని పెళ్లాడిన జార్జ్ ముల్లర్ అదే 1836లో బ్రిస్టల్‌లో అనాథ పిల్లలకు ఇల్లు తెరిచాడు. డబ్బు కావాలని మనుషులను అడగను, దేవుణ్నే అడుగుతానన్నది ముల్లర్ నియమం. అయితే వచ్చిన ప్రతి పైసాకూ లెక్క రాసి ఏటేటా అచ్చు వేయించేవాడు. ఆ ప్రార్థన గురించి చెప్పేవాళ్లంతా ఆ లెక్కల పుస్తకం సంగతి కూడా చెప్పాలి.

దేవుని నడిపింపు తెలుసుకోవడానికి తాను పాటించే క్రమాన్ని ముల్లర్ విడమరిచి చెప్పాడు. ముందు ఆ విషయంలో సొంత ఇష్టాన్ని పక్కన పెట్టాలి. కష్టమంతా ఇక్కడే ఉంది, ఇది కుదిరితే మిగతాది చాలావరకు తేలిపోతుందంటాడు. మనసులో లేచిన ప్రతి ఊపునూ దేవుని స్వరమని అనుకోకూడదు. ఆత్మ నడిపింపును వాక్యంతో కలిపి చూడాలి. వాక్యం వదిలేసి ఆత్మ పేరు చెప్పేవాడు భ్రమలో పడతాడు. చుట్టూ ఉన్న పరిస్థితులు ఎటు దారి ఇస్తున్నాయో గమనించాలి. ప్రార్థించాలి. అప్పుడు తనకున్న తెలివినంతా వాడి ఒక నిర్ణయానికి రావాలి. మరి రెండు మూడుసార్లు ప్రార్థించినా మనసు నెమ్మదిగానే ఉంటే ముందుకు సాగాలి.

మన సంఘాల్లో దీనికి పెద్దల మాట కూడా తోడైంది. ఒక్కడికే వినిపించిన నడిపింపును నలుగురి ముందు పెట్టి పరీక్షించుకోవడం మంచి అలవాటు. ఆడపిల్ల సంబంధాన్ని ప్రార్థనలో పెట్టిన తండ్రి, ఆ అబ్బాయి తాగుతాడేమో వాకబు చేయాలి, అమ్మాయిని అడగాలి, సంఘ పెద్దలతో మాట్లాడాలి. ఇవన్నీ ఆ ప్రార్థనలో భాగాలే. కట్నం తక్కువ అడిగారనో, ఐదెకరాలు ఉన్నాయనో ముందే మొగ్గిపోయి, ఆ తర్వాత మోకరిస్తే అది దేవుని చేత సంతకం పెట్టించుకోవడం అవుతుంది. కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడిన వచనమే జవాబనుకోవడం కూడా అంతే. భక్తిలా కనిపించే సోమరితనం అది.

ఇదే నేల మీద మరో పాయ కూడా పుట్టింది. లూథరన్ సంఘం నుంచి వచ్చిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ ప్రారంభించారు. తప్పులు ఒప్పుకొని, స్తుతించి, ఆ తర్వాత మాటలు ఆపి దేవుని సన్నిధిలో కనిపెట్టడం అక్కడి సాధన. మనం ప్రార్థన అనగానే గట్టిగా, వేగంగా, మైకులో అనుకుంటాం. ఆ మౌనం ఏ శాఖవాళ్లయినా నేర్చుకోదగింది.

ఇక నడిపింపుతో పాటు మనం ప్రార్థనలో అడిగే కాపుదల సంగతి. కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతాల్లో రాత్రి చెరువు గట్టున పడుకునేవాళ్లకు దాని అర్థం బాగా తెలుసు. మబ్బు పట్టిన పగలు నీటిలో ఆక్సిజన్ సరిగ్గా తయారుకాదు. రాత్రంతా చేపలూ రొయ్యలే కాక నాచు కూడా ఉన్నదాన్ని వాడేసుకుంటుంది. తెల్లవారుజామున అది బాగా పడిపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు ఏరేటర్లు తిరగకపోతే పంట పోయినట్టే. ఆ గట్టు మీద విశ్వాసి ప్రార్థన చేస్తాడు, లేచి మోటారూ వేస్తాడు. 127వ కీర్తన కావలివాణ్ని ఇంటికి పంపేయలేదు; దేవుడు కూడా కాయకపోతే అతని మెలకువ దండగ అని మాత్రమే చెప్పింది.

మన ఇళ్ల గోడల మీద, ఆటోల అద్దాల మీద ఎక్కువగా కనిపించే 91వ కీర్తనకు సువార్తల్లో ఒక కథ ఉంది. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారని యేసుతో అన్న అపవాది చూపించింది ఆ కీర్తననే. యేసు దూకలేదు. ప్రార్థన ఉంది కదా, బీపీ మాత్ర మానేయమని చెప్పే బోధకుడు మనల్ని ఆ శిఖరం మీదికే ఎక్కిస్తున్నాడు. నరసాపురంలో బౌడెన్, బీర్‌ల వారసులు మిషన్ ఆస్పత్రి నడిపిన సంగతి అలాంటివాళ్లకు గుర్తుచేయాలి.

2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా జబ్బుపడ్డారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగాక ఆ నీళ్లు కొల్లేటికి చేరాయి. కొల్లేటి నీళ్లు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి, కాబట్టి లంక గ్రామాల చుట్టూ వరద రోజుల తరబడి నిలిచిపోయింది. జబ్బు విశ్వాసినీ, అవిశ్వాసినీ వేరుచేసి చూడలేదు. వరదా అంతే.

అందుకే సాక్ష్యం చెప్పేటప్పుడు జాగ్రత్త కావాలి. "దేవుడు మా ఇంటిని కాపాడాడు" అని ఒక అమ్మ లేచి చెబుతున్నప్పుడు, ఇల్లు కూలిన అమ్మ కూడా అదే చాప మీద కూర్చుని వింటూ ఉంటుంది. మంచి సాక్ష్యంలో ఏం అడిగామో, ఎన్నాళ్లు ఎదురుచూశామో, ఏం పోయిందో, ఎవరు అన్నం పెట్టారో అన్నీ ఉండాలి, ముల్లర్ లెక్కల్లా. నాకు తెలిసి ఈ సంప్రదాయం విలువ అక్కడే ఉంది. అది మనిషిని ఒంటరిగా భయపడనివ్వదు. ఇంటింటి కుటుంబ ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, కోత పండుగ చేసే పని అదే: ఒకరి భయం పదిమందికి తెలుస్తుంది, పదిమంది గుమ్మం దాకా వస్తారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు ఇస్తారు. చాలామంది చేతికి యిర్మీయా 29:11 వస్తుంది, మంచి భవిష్యత్తు గురించిన వచనం. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలోది. తిరిగి రావడానికి 70 ఏళ్లు పడుతుందని దాని ముందు వచనంలోనే ఉంది. ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం బాగుకోసం ప్రార్థించండి అని కూడా అదే ఉత్తరం చెబుతుంది. పాస్టరుగారూ, ఈసారి కార్డు మీద అధ్యాయం మొత్తం చదవమని ఒక మాట అచ్చు వేయించండి. కార్డు అందుకున్నవారు ఇంటికెళ్లి, పడుకునే ముందు ఆ అధ్యాయం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి.