పెట్టెలలోని బండ్లు

సాంస్కృతిక సంచిక యనగానే సంగీతమును, నాట్యమును, శాసనములను గూర్చిన వ్యాసములను చదువరులు కోరుట సహజము. నూనె మరకలంటిన ఇనుప సామానును గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. అయినను ఒక సమాజము దేనిని దాచుకొనుచున్నది, ఎవరినుండి దాచుచున్నది, దాచిన వస్తువు గతి యేమగుచున్నది అను విచారణ సంస్కృతీ విమర్శకు వెలుపలిది కాదని మా తలంపు. పాత మోటారు సైకిళ్లయందు మక్కువగలవారు చంద్రపూరులోను, బల్లార్‌పూరు, రాజురా, భద్రావతి ప్రాంతములలోను కలరు. వారిలో మన తెలుగువారును కలరు. వీరిలో పలువురు బండ్లను నడుపుటకంటె విడిభాగములను పోగుచేయుటయందే ఎక్కువ ఉత్సాహము చూపుచున్నారన్నది మా అభియోగము.

ముందు వారి పక్షమున చెప్పవలసినది చాల గలదు. పూర్వము చాందా యని పిలువబడిన ఈ పట్టణమునకు, దాని చుట్టుప్రక్కలకు తెలుగు కుటుంబములను రప్పించినవి బొగ్గుగనులును, బల్లార్‌పూరు కాగితపు మిల్లును. రాజురా తాలూకా మాత్రము 1956 నాటి రాష్ట్ర పునర్విభజన వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో చేరియుండెను గనుక అచ్చటి తెలుగువారిని వలస వచ్చినవారనుటకు వీలులేదు. గనిలో షిఫ్టు వేళకు చేరవలసినవానికి, వర్ధానది దాటి ఆసిఫాబాదు, కాగజ్‌నగరు వైపు చుట్టాల ఇండ్లలో శుభాశుభములకు పోవలసినవానికి మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. అది చెడిన నాడు ఇల్లు గడచుటయే కష్టము.

చెడిన బండిని బాగుచేయుట ఆ రోజులలో సులభము కాదు. విదేశ మారకద్రవ్యమునకు ప్రభుత్వము కటకటలాడిన కాలమున బి.ఎస్.ఎ., నార్టన్, ట్రయంఫ్ బండ్ల భాగములు కావలెనన్న దిగుమతి లైసెన్సు కావలసివచ్చెడిది. 1955లో మద్రాసు మోటార్సువారు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డుతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిన పిమ్మట బుల్లెట్టు మన బండి యైనది. చెకొస్లొవేకియా దేశపు జావా 1961 నుండి మైసూరులో తయారై, 1973 నుండి యెజ్డీ అను పేర వెలువడెను. పోలండు నమూనా ననుసరించి ఎస్కార్ట్సువారు రాజ్‌దూత్‌ను తెచ్చిరి. అది పల్లెల పాలవాండ్రకు బండి యైనది. 1973లో వచ్చిన ‘బాబీ’ చిత్రము దాని చిన్న రూపమునకు కుర్రకారులో ఎక్కడలేని మోజు కలిగించెను. 1983లో యమహావారి సాంకేతికముతో వచ్చిన రాజ్‌దూత్ 350 తన వేగమునకును, పెట్రోలు తాగుటకును సమానముగ పేరుపొంది కొలది యేండ్లకే నిలిచిపోయెను. మైసూరు కర్మాగారము 1996లో మూతపడెను. జావా పేర 2018లోను, యెజ్డీ పేర 2022లోను మరల బండ్లు వెలువడినవి గాని, అవి నాలుగు స్ట్రోకుల కొత్త ఇంజనులు. పాత బండికి వాటి భాగమొక్కటియు అతుకదు.

ఇట్టి స్థితిలో ఒక మాగ్నెటో, ఒక కార్బురేటరు కంటబడినప్పుడు కొని దాచుకొనుట బుద్ధిమంతుని పనియే. కరవు చూచినవాడు గింజలు దాచును. కాని గింజలు దాచిన రైతు ఏరువాకనాడు పాతర తీయును. మన సంగ్రాహకుల పాతరకు ఏరువాక రానేరదు.

మేము చూచిన నిలువలను ఇచ్చట కొంచెము వర్ణింతుము. అటకపై బిస్కట్టు డబ్బాలు, వార్తాపత్రికలో చుట్టిన పొట్లములు, మూతి కట్టిన గోనెసంచులు. ఏ డబ్బాలో ఏమున్నదో యజమానికే తెలియదు, జాబితా లేదు. విట్‌వర్తు మరకట్టు గల బోల్టులు, మెట్రిక్ బోల్టులు ఒకే డబ్బాలో కలిసియుండును. ఒకదానిని మరొకదాని నట్టులో బలవంతముగ త్రిప్పినవాడు రెండింటిని పాడుచేసికొనును. అసలు కొలత పిస్టనులు పదునారు కలవని ఒకరు గర్వముగ చెప్పిరి. నలుబది యేండ్లు తిరిగిన సిలిండరు అసలు కొలతలో నుండునా? అరిగిన బోరును తొలిపించి, దానికి తగిన పెద్ద పిస్టను వేయవలెను. ఆ పదునారు పిస్టనులు అరుగని సిలిండరుకొరకు ఎదురుచూచుచున్నవి. ఇంతటి అయోమయములోను, ఎవరైన వచ్చి ఒక్క జావా కండెన్సరు అడిగినచో, వెదకకయే ‘లేదు’ అని చెప్పు నేర్పు మాత్రము యజమానికి కలదు.

దాచిన వస్తువు దాచినట్లే యుండునను భ్రమ ఈ అలవాటునకు మూలము. ఇతర పట్టణముల మాట యెట్లున్నను, చంద్రపూరులో ఆ భ్రమకు తావులేదు. ఇచ్చటి ఎండ దేశమంతట పేరుమోసినది. మే మాసమున 46, 47 డిగ్రీలు అరుదు కావు. రేకుల కప్పు క్రింది అటకపై వేడిమి అంతకంటె హెచ్చు. రబ్బరు వస్తువుల నిలువను గూర్చిన అంతర్జాతీయ ప్రమాణము 25 డిగ్రీలకు మించని చల్లదనమును, చీకటిని కోరును. ఆయిల్ సీళ్లకు సాధారణముగ వాడు నైట్రైల్ రబ్బరునకు అట్టి చోటనైనను తొలి గడువు 7 సంవత్సరములే. ఇరువది వేసవులు అటకపై గడపిన సీలు సంగతి వేరుగ చెప్పవలెనా? పైని కంపెనీ కాగితము చిరుగదు. సీలు చూచుటకు కొత్తదే. వ్రేలితో నొక్కిన పెంకువలె నుండును.

ఇది చిల్లర లోపము కాదు. జావా, యెజ్డీ, రాజ్‌దూత్ వంటి రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము మొదట క్రాంకు గదిలోనికి వచ్చి, అచ్చట అదుమబడి, పిదప సిలిండరులోనికి ఎక్కును. ఆ గదిలోనికి బయటి గాలి చొరకుండ కాపాడునవి క్రాంకునకు ఇరుప్రక్కల నున్న సీళ్లే. సీలు అంచు గట్టిపడినచో గాలి దూరును; మిశ్రమములో పెట్రోలు పాలు తగ్గును; పిస్టను మితిమీరి కాగి సిలిండరును పట్టివేయును. ‘అసలు కంపెనీ సీలు’ దొరకినదని సంబరపడి బిగించినవాడు, అంగడిలో దొరకు నాణ్యమైన కొత్త సీలును కాదన్నందుకు పిస్టనును పోగొట్టుకొనును. బేరింగుల సంగతియు ఇట్టిదే. చాలవరకు వాటి కొలతలు లోకమంతట ఒక్కటే గనుక కొత్తవి దొరకును. గ్రీజు గడ్డకట్టి, వానకాలపు చెమ్మకు గుండ్లపై తుప్పు చుక్కలు పడినవానిని దాచుట వృథాప్రయాస.

నిజముగ దాచదగినవి వేరు. గేరు చక్రములు, క్రాంకు గది పోతలు, కార్బురేటరు దేహములు, దీపపు గిన్నెలు, మీటరు ముఖములు, వీటిని నూనె రాసి పొడిచోట నుంచిన తరములు నిలుచును. వీటిని కాపాడినవారికి మేము నమస్కరింతుము. అయితే మరియొక రకపువారు కలరు. వారు చిన్న లోపముతో నిలిచిన బండిని చవుకగ కొని, నిలువున విప్పి, ముక్కలు చేసి, ముందుముందు పనికివచ్చునని డబ్బాలకెత్తుదురు. గని నుండి విశ్రాంతి పొందిన ముసలివాని రాజ్‌దూత్ ఒక్క కాయిల్ దొరకక ఇట్లే ముక్కలగును. ఆ కాయిల్ రెండు వీధుల అవతల నొక అటకపై నుండుట అసంభవము కాదు. దీనిని రసికత యనుటకు మాకు నోరు రాదు.

ఇటీవలి చట్టము కూడ ఈ లోభమునకు ఊతమైనది. 2021 జులైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమముల ప్రకారము, తొలి నమోదు నాటినుండి 50 యేండ్లు దాటి, అసలు రూపము చెడకుండ నున్న బండికి ‘వింటేజి’ గుర్తింపు లభించును. సంఖ్యాఫలకమున ‘వీఏ’ అను అక్షరములు చేరును; కొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప నిత్యోపయోగమునకు ఆ బండిని తిప్పరాదు. 1973 నాటి తొలి యెజ్డీలు 2023లో ఆ యీడునకు చేరినవి. నియమము మంచిదే. కాని ‘అసలు రూపము’ అను మాటను పట్టుకొని, ప్రతి అసలు భాగము బంగారమగునని తలచి, ఉన్నదానిని మరింత లోపలికి త్రోయువారు బయలుదేరిరి. అన్ని బండ్లకు ‘వీఏ’ అక్కరలేదు. అంగడికి పోయి కూరగాయలు తెచ్చుకొను బుల్లెట్టునకు కావలసినది గుర్తింపు కాదు, క్లచ్చి ప్లేట్లు.

మన వాఙ్మయ చరిత్రలో దీనికి సాటివచ్చు సంగతి యొకటి కలదు. సి.పి. బ్రౌను తాళపత్ర ప్రతులను సేకరించి భోషాణమున పెట్టి తాళము వేసియుండినచో నేడు ఆయనను తలచువారెవరు? ఆయన పండితులకు, లేఖకులకు జీతమిచ్చి, పలు ప్రతులను పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను; 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. లోభులను అంతగ తెగడిన వేమన అట్లు నలుగురికిని అందుబాటులోనికి రాగలిగెను. తాళములోని ప్రతులు చెదలపాలైనవి. నకలెత్తిన గ్రంథము బ్రదికినది.

విడిభాగమునకు శుద్ధప్రతి యనగా కొలతల పటమును, లేతుపై చేయించిన నకలును. గనులు, విద్యుత్కేంద్రము, సిమెంటు కర్మాగారములు గల ఈ జిల్లాలో లేతు పనివారికి కొదువలేదు. ఇందుకు సంగ్రాహకులు చెప్పు సమాధానము మేమెరుగుదుము: ‘నకలు సరకు నాసి, వేసిన ఆరు నెలలకే అరుగును.’ నిజమే. మెత్తని ఇనుముతో చేసిన బుష్షులు, కొలత తప్పిన గేర్లు అంగళ్లలో చాలనే కలవు. కాని మంచి నకలు పుట్టవలెనన్న మంచి మూలమును ఒక్క పూట పనివాని చేతికి ఇయ్యవలెను. మూలమును చూపనివాడు నకలు నాసియని నిందించుట న్యాయము కాదు.

మేస్త్రీల విషయము కూడ ఆలోచింపవలసి యున్నది. చెవితో విని బుల్లెట్టు టాపెట్లు సవరించువాడు, కిక్కు కొట్టు కడ్డీనే గేరు కడ్డీగ త్రిప్పు జావా క్లచ్చి యంత్రమును కన్నులు మూసికొని విప్పగలవాడు ఊరికొకడైన మిగిలియున్నాడో లేడో. ఆ విద్య పుస్తకములో లేదు, చేతిలో నున్నది. భాగము పెట్టెలో నున్నంతకాలము బండి షెడ్డులో నుండును, బండి షెడ్డులో నున్నంతకాలము ఆ చేతికి పనిలేదు, నేర్చుకొనుటకు కుర్రవాడును రాడు.

విజయదశమినాడు ఇచ్చట మరాఠీవారును మనవారును వాహనములకు పూలదండలు వేసి నిమ్మకాయలు కట్టుదురు. కదలని బండికి సైతము ఆనాడు పూజ జరుగును. ఆ మరునాడే అటకమీది డబ్బాలను క్రిందికి దింపి, మెకానిక్కును, పొరుగునగల ఇద్దరు ముగ్గురు బండివారిని పిలిచి, ఒక నోటుబుక్కులో పేరు, బండి రకము, కొలత వ్రాసికొనవచ్చును. రెండు మూడు కలవాటిని మార్చుకొనవచ్చును. సీళ్లను మాత్రము ముందుగ వ్రేలితో ఒత్తి చూడవలెను. వంగనివానిని పారవేయుటకు ముహూర్తము చూడనక్కరలేదు.