తొలి తూటా

ఫిల్మ్‌నగరులో చలనచిత్రములకు ఆయుధములను అద్దె కిచ్చు గదులలో గోడల పొడుగున ఆనించియుంచిన తుపాకులలో పెక్కు భాగము కొయ్యతోను ఫైబరుతోను చేసిన బొమ్మలే యని చేతి కందుకొన్న మాత్రముననే తెలియును. అయినను ఆ బొమ్మను భుజమున కెత్తి కథానాయకుడు గురి చూచునప్పుడు, బోల్టును వెనుకకు లాగి ముందునకు నెట్టిన ఇనుపచప్పుడు, పిమ్మట శబ్దశాలలో చేర్చినదే యైనను, ప్రేక్షకుని ఒడలు జలదరింపజేయును. 1971లో కృష్ణగారి పద్మాలయా సంస్థ ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసి కౌబాయిని తెలుగు తెరకు తెచ్చిన నాటినుండి తుపాకికి మన చిత్రములలో తీరిక యన్నది లేదు. నటులకు రైఫిలు పట్టుట నేర్పు పనికి అప్పుడప్పుడు నన్ను పిలుచుచుందురు గనుక, తెరమీది రైఫిలునకును వేటరైఫిలునకును గల దూరము నాకు నిత్యము గోచరించుచుండును. తెరమీది రైఫిలు మెరయవలయును, బరువుగా కనబడవలయును, ఎడతెగక పేలవలయును. వేటరైఫిలునకు ధర్మ మొక్కటే: తొలి తూటా తగులవలసిన చోటనే తగులుట.

మా జూబ్లీహిల్సులో, అమెరికాలో బిడ్డలు లేని యిల్లు అరుదు. డల్లాసు దగ్గర ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని కుమారుడు, సహోద్యోగులతో కూడి ఈ శీతకాలమున తెల్లతోక జింకల వేటకు పోదలచి, “పెదనాన్నా, ఐదు వందల డాలర్లలో మంచి బోల్ట్ యాక్షన్ రైఫిల్ వస్తుందా? రెండు వేలు పెట్టకపోతే దండగ అంటున్నాడు షాపువాడు” అని ఫోనులో అడిగెను. అది విని మా మరదలు, “మీరైనా నచ్చచెప్పండి బావగారూ, మనకెందుకండీ ఆ పాపం” అనెను. ఆమె మాటను నేను తేలికగా త్రోసివేయలేదు. అయితే దేశకాలములను బట్టి ధర్మము వేరగుట కలదు. టెక్సాసున జింకల సంఖ్యను, వాని మేతను లెక్కించి, ఎన్ని దినములు వేటాడవచ్చునో, ఒక్కొక్కడు ఎన్నింటిని కొట్టవచ్చునో ప్రభుత్వ శాఖ యేటేట నిర్ణయించును. 1937 నాటి చట్టము ప్రకారము రైఫిళ్ల మీదను తూటాల మీదను విధింపబడు 11 శాతము పన్ను వన్యమృగ పరిరక్షణకే వినియోగమగును. అక్కడ క్రమముగా వేటాడువాడు ఆ అడవికి శత్రువు కాడు.

ఇక్కడ ఆ ప్రసక్తియే లేదు, ఉండరాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినప్పుడు కొన్ని మృగములకు లైసెన్సు మీద వేట ఇంకను మిగిలియుండెను. 1991 సవరణతో అదియు రద్దయ్యెను. నిజాముల వేటభూమి నేడు వనస్థలిపురము చెంత మహావీర్ హరిణ వనస్థలియై కృష్ణజింకలకు ఆశ్రయమిచ్చుచున్నది; తెలంగాణ తన రాష్ట్రమృగముగా చుక్కల దుప్పినే యెన్నుకొన్నది. ఆ వేటనిషేధము ముమ్మాటికి యుక్తము. మా నాయనగారికి వేట అలవాటుండెను, కాని 1972 చట్టము వచ్చిననాడే ఆయన తన రైఫిలును నూనె రాచి పెట్టెలో పెట్టెను, మరల అడవికి తీసికొనిపోలేదు.

ఆ రైఫిలు ఇషాపూరు కర్మాగారమున చేసిన .315. సైన్యపు .303 తూటా పౌరుల చేతిలో ఉండరాదని ఆంగ్లేయ ప్రభుత్వము నిషేధించుటచేత, ఆస్ట్రియా దేశపు పాత సైనిక తూటాను స్వీకరించి, లీ ఎన్‌ఫీల్డు తరహా బోల్టునకు అమర్చి, మధ్యతరగతివాని కందుబాటులో నుంచిన సాధనమది. పెద్దదొరల ఇండ్లలోని ఇంగ్లండు తుపాకులపై వెండిచెక్కడములు, ఏనుగుల బొమ్మలు ఉండగా, దీని మీద కర్మాగారపు ముద్ర తప్ప మరేమియు లేదు. నాయనగారు నిర్మల్ అడవులలో దానితో తిరిగినన్నాళ్లు, మాగజైనులో ఐదు తూటాలు పట్టునని తెలిసియు ఒక్కటే నింపెడివారట. రెండవది ఉన్నదను ధైర్యము మొదటిదానిని చెడగొట్టునని ఆయన మతము. అల్పవ్యయపు రైఫిలు అల్పము కాదను నమ్మకము నాకు అక్కడనే కలిగినది.

ఆ నమ్మకమునకు యంత్రశాస్త్రపు ఆధారము కూడ కలదు. 1898లో జర్మను సైన్యము స్వీకరించిన మౌజరు రైఫిలులో బోల్టు ముఖము చెంత రెండు గుబ్బలు తిరిగి గొట్టము వెనుక గట్టిగా బిగిసికొనును. పేలుడు ఒత్తిడి నవి భరించును, తూటా ప్రతి మారును ఒకే తీరున కూర్చుండును. కదలు భాగములు తక్కువ గనుక చెడునవియు తక్కువ. ఆ తరువాత వచ్చిన బోల్టు రైఫిళ్లలో పెక్కు దీని సంతానమే యనవచ్చును. అయితే మౌజరు తరహా నిర్మాణమునకు నిపుణుని చేతిపని మెండుగా కావలయును. తూటా కూర్చుండు గదికిని బోల్టు ముఖమునకును నడుమ ఎడము వెండ్రుకవాసి తప్పినను ప్రమాదము గనుక, గొట్టమును ఆ కొలతకు తెచ్చుటకే పనివాని గంటలు వ్యయమగును. 1958లో అమెరికాలో శావేజ్ సంస్థ తెచ్చిన 110 నమూనాలో, నికొలస్ బ్రూవరు అను శిల్పి గొట్టము మొదట ఒక మరనట్టు నమర్చెను. కొలతదిమ్మను గదిలో నుంచి, గొట్టమును దానికి తగులువరకు త్రిప్పి, ఆ నట్టును బిగించినచో ఎడము సరిపోవును. అంతియే. అంత చిన్న ఉపాయముతో ధర తగ్గెను, గురి తగ్గలేదు సరికదా, ఖరీదైన రైఫిళ్లతో సమానముగ నిలిచెను. నాకీ కథ యెంతో ప్రియమైనది. పేదవాని వస్తువును గౌరవనీయముగ చేయు బుద్ధిబలము కంటె ఉత్తమమైన బుద్ధిబలము నేనెరుగను.

నేడు శావేజ్ సంస్థ చేయు యాక్సిస్, రూగరు సంస్థ చేయు అమెరికన్, మాస్‌బర్గు వారి పేట్రియటు, ఈ మూడును మా వాడు చెప్పిన ధరకు దొరకునవే. రూగరులో బోల్టునకు మూడు గుబ్బలుండుటచేత పిడిని డెబ్బది డిగ్రీలెత్తిన చాలును, స్కోపునకు చేయి తగులదు. యాక్సిస్ తొలి నమూనాలలో ట్రిగ్గరు మిక్కిలి గట్టి. రెండవ నమూనాలో దానిని సడలించుకొను వీలు కల్పించిరి. ట్రిగ్గరును నేనింతగా పట్టించుకొనుటకు కారణమున్నది: గట్టి ట్రిగ్గరును లాగునప్పుడు వ్రేలితోపాటు చేయి, చేతితోపాటు గొట్టము కదలును, వంద గజముల దూరమున ఆ కదలిక అంగుళములగును. ఇక భుజమున కానించు ప్లాస్టికు బట్టు చూడ ముచ్చటగా నుండదు. కాని అది వానకు ఉబ్బదు, ఎండకు వంగదు. దానిలో చూడవలసినది పొడవు. మోచేతి వంపున బట్టును ఆనించినప్పుడు వ్రేలు ట్రిగ్గరును సులభముగ అందుకొనవలెను, చెంప ఆనించినప్పుడు కన్ను తానై స్కోపు నడిమికి రావలెను. 2012 లండను ఒలింపిక్సులో ఎయిర్ రైఫిలున కాంస్యము గెలిచిన మన హైదరాబాదు గగన్ నారంగు వంటివారి రైఫిళ్లకు చెంపదిమ్మను, బట్టు పొడవును మరలతో సవరించుకొను ఏర్పాటుండుట ఇందుకే. అంగడిలో కన్నులు మూసికొని రైఫిలెత్తి, చెంప నానించి, అప్పుడు కన్నులు తెరువుమని మా వానికి చెప్పితిని; స్కోపులో నల్లని నీడ కనబడినచో ఆ రైఫిలు వానిది కాదు.

తూటా విషయమున నా అభిప్రాయము నిశ్చితము. ఈ చౌక రైఫిళ్లు తేలిక, మూడు కిలోలకు అటునిటు. రైఫిలు తేలికయైనకొలది భుజమును తన్నుట యధికమగును. తన్నునని భయపడువాడు పేలకముందే కన్ను మూయును. 1906 నాటి .30-06 మహాబలము గలదే గాని, తొలిసారి వేటకు పోవు యువకునకు 1955లో వచ్చిన .243 వించెస్టరు చాలును. దేహము దృఢమైనవాడైన 1952 నాటి .308 తీసికొనవచ్చును. జింక హృదయమును ఊపిరితిత్తులును ఉన్న చోటు సుమారు ఎనిమిది అంగుళముల వలయము. దానిలో చిన్న గుండు తగిలినను మృగము ఎక్కువ బాధపడకయే పడిపోవును, దాని వెలుపల పెద్ద గుండు తగిలినను మూడు కాళ్లతో పొదలలోనికి పోయి మూడు దినములు చచ్చును. ఆ రెండవదే మా మరదలు అన్న పాపము. రెండు వేల డాలర్ల రైఫిలు ఈ పాపమును కడుగలేదు. ఐదు వందల రైఫిలు కొని, మిగిలిన దానిలో ఒక పాలు మంచి స్కోపునకును, దానిని బిగించు కంకణములకును, తక్కినదంతయు అభ్యాసపు తూటాలకును పెట్టుమని వానితో గట్టిగా చెప్పితిని. మన సినిమాలలో నాయకుడు నిలుచుండి, పరుగెత్తుచు కాల్చును. వీడు మాత్రము సంచిమీదనో, కఱ్ఱలమీదనో రైఫిలు నానించి, ఊపిరి సగము విడిచి, నిలిచియున్న మృగము ప్రక్కభాగము కనబడువరకు వేచియుండి కాల్చవలెను.

వేచియుండలేని చేతి కథలు మన పురాణముల నిండ ఉన్నవి. చప్పుడును బట్టి బాణము వేసి దశరథుడు మునిబాలుని చంపెను. లేడిరూపముననున్న కిందముని కొట్టి పాండురాజు శాపగ్రస్తుడయ్యెను. పొదచాటున పవ్వళించిన కృష్ణుని పాదము జర యను బోయవానికి జింకవలె తోచెను. ఈ మువ్వురిలో గురి తప్పినవాడు ఒక్కడును లేడు. బాణములన్నియు వేసిన చోటనే తగిలినవి, చూచినదే తప్పు. అట్టి తప్పు జరుగకుండుటకే టెక్సాసు వేటగాని పాఠములలో, గురిపెట్టిన దానిని నిశ్చయముగ గుర్తింపుము, దాని వెనుక నేమున్నదో చూడుము, అను మాటలు మొదటి పుటలలోనే వచ్చును. 1971 సెప్టెంబరు 2 నాడు గాని ఆ పిమ్మట గాని పుట్టినవారు ఆ పాఠము చదివియుండవలెనని టెక్సాసు నియమము.

మా వాడున్నది హెచ్‌-1బి వీసా మీద. అట్టి తాత్కాలిక వీసాదారులు తుపాకి కలిగియుండుట అమెరికా కేంద్రచట్టము ప్రకారము సామాన్యముగ నిషిద్ధము; చెల్లుబాటులోనున్న వేట లైసెన్సు గలవారికి మినహాయింపు కలదు. ఈ సంగతి తెలియక స్నేహితుని తుపాకి చేతబట్టి చిక్కులలో పడువారుందురని వినుటచేత, మొదట పాఠము, తరువాత లైసెన్సు, ఆ తరువాతనే అంగడి యని చెప్పి, లైసెన్సు గడువు తీరిన దినమున రైఫిలును ఎవరి వద్ద, ఏ పద్ధతిని అప్పగింపవలెనో అక్కడి న్యాయవాదినొకని ముందుగనే అడిగి తెలిసికొమ్మని జాబు వ్రాసితిని.