నీలం మాత్ర

తొమ్మిదో తరగతి గది కిటికీ కింద వాన నీళ్ళు పోయే సన్న కాలువ ఒకటుంది. ఓ గురువారం సాయంత్రం అటుగా వెళ్తుంటే ఇసకలో నీలంగా ఏవో కనిపించాయి. పూసలేమో అనుకుని వంగి చూశాను. ఐరన్ మాత్రలు! కొన్ని అప్పుడే పడేసినవి, కొన్ని తడికి నాని చుట్టూ ఉన్న ఇసకకు రంగు పట్టించినవి. ఏరి లెక్కపెడితే పదిహేడు వచ్చాయి. ఆ మధ్యాహ్నం రిజిస్టరులో నా చేత్తో నేను పెట్టిన టిక్కులు ఇరవై ఆరు.

పది నుంచి పందొమ్మిదేళ్ళ పిల్లలకు వారానికొక నీలం మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. చిన్న తరగతుల వాళ్ళది గులాబీ రంగు మాత్ర. ఇవ్వడం, టిక్కు పెట్టడం, నెలాఖరుకు లెక్క పంపడం... నా పని అంతే అనుకున్నాను అన్నాళ్ళూ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆ అంకె బోర్డు మీద రాసి పాఠం చెప్పినదాన్ని. ఆ అంకెకూ కిటికీ కింద ఇసకకూ ఉన్న సంబంధం మాత్రం ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు.

మర్నాడు ఎవర్నీ తిట్టలేదు. ఆటల పీరియడ్‌లో ఆడపిల్లల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి, మాత్ర ఎందుకు మింగబుద్ధి కావట్లేదని అడిగాను. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత ఒకటే మాటలు. "కడుపులో తిప్పుతుంది టీచర్." "నాకు వాంతొచ్చింది." "నల్లగా వస్తది టీచర్," అని ఒకమ్మాయి అనగానే అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. వెనక కూర్చున్న పిల్ల నవ్వలేదు. "అయ్యి మింగితే పిల్లలు పుట్టరంట. మా నాయనమ్మ చెప్పింది," అంది.

పొద్దున ఏం తిన్నారని అడిగితే సగం మందికి పైగా చెప్పిన జవాబు ఒకటే. టీ.

మా బడి ఉన్న ఈపురుపాలెం చుట్టుపక్కల పొద్దున్నే మగ్గాల వీధుల్లోకి వెళ్తే ఇది అర్థమవుతుంది. ఎండ ముదరకముందే పడుగు పనులు చూసుకోవాలి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషికి కండెలు అందుతూ ఉండాలి. పొయ్యి మీద మొదట ఎక్కేది టీ గిన్నె. పెద్దవాళ్ళతో పాటు పిల్లలకూ ఓ గ్లాసు, రెండు బిస్కెట్లు. అన్నం పదకొండుకో పన్నెండుకో. అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు. ఖాళీ కడుపున ఇనుము పడితే తిప్పుతుంది. టీతో పాటు పడితే ఆ ఇనుము ఒంటికి పట్టదు సరిగా. తప్పు ఆ తల్లులది కాదు. నేతపనికి గంటలు లేవు, కూలికి మాత్రం లెక్క ఉంది.

ఆ నాయనమ్మను చూద్దామని ఇంటికి వెళ్ళాను. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చెయ్యి ఆపకుండానే, "మేం ఏ మాత్రలు మింగి కన్నాం టీచరమ్మా పిల్లల్ని?" అంది. పర్సులోంచి నా మాత్ర తీసి ఆమె ఎదురుగానే వేసుకున్నాను. పిల్లలతో పాటు టీచర్లూ వేసుకోవాలని ఈ మాత్రల కార్యక్రమం నిబంధనల్లోనే ఉంది. నాకు ఆ మాట ముందు నుంచీ తెలుసు. పాటించలేదు. నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసింది కానీ ఏమీ అనలేదు. "మీ మనవరాలు మూడో పీరియడ్‌కే తల వాల్చేస్తోందమ్మా," అన్నాను. అప్పుడాగింది రాట్నం. పిల్లని దగ్గరకు లాక్కుని, బొటనవేలితో కంటి కింది రెప్ప కిందికి లాగి వెలుతురు వైపు తిప్పి చూసింది. "అయ్యో, పాలిపోయి ఉందే," అంది. నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పరీక్ష అదే. ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. చూడ్డానికి తీరిక లేకపోయింది అంతే.

ఆ ఇంటి నుంచి వస్తూంటే చాలా ఏళ్ళ కిందటి ఇంకో పిల్ల గుర్తొచ్చింది. అది వేరే ఊరు, వేరే బడి. క్లాసులో పదేపదే కునికిపాట్లు పడుతోందని బెంచీ మీద నిలబెట్టాను. నెల తర్వాత ఆరోగ్య పరీక్షల్లో ఆ పిల్ల హిమోగ్లోబిన్ ఆరు దగ్గర ఉందని తేలింది. ఆ వయసుకు పన్నెండు ఉండాలి. అంత తక్కువ రక్తంతో నా మాట విని గోడను పట్టుకుని నిలబడింది. ఆ రోజు నుంచీ క్లాసులో నిద్రపోయే పిల్లని చూస్తే నాకు కోపం రాదు, భయం వేస్తుంది.

పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు కడుపు చూడాలని మనకు ఎవరో బయటివాళ్ళు నేర్పలేదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్‌లోని ఒక బడి పిల్లలకు టిఫిన్ పెట్టించాడు. తలకు రోజుకు అణా దాటకూడదని లెక్క. ఆయన తెలుగువాడు, నేతవాళ్ళైన దేవాంగుల ఇంట పుట్టినవాడు. మా పిల్లలకు ఈ సంగతి చెప్తే మగ్గం ఉన్న ఇళ్ళ పిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారు. 2003 నుంచి మన బడుల్లో వండిన అన్నం పెడుతున్నారు. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది. గుడ్డు, చిక్కీ, రాగి జావ వచ్చి చేరాయి. పొద్దున్నే జావ గ్లాసు పట్టుకున్న పిల్లకూ వట్టి టీతో వచ్చిన పిల్లకూ తేడా తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, ప్రార్థనలో వరస ముందు ఒక్కసారి నడిస్తే చాలు.

రక్తహీనతకు కారణాలు ఒక్క తిండిలోనే లేవు. మాది ఇసక నేల. చెప్పుల్లేని కాళ్ళతో తడి ఇసకలో తిరిగితే కొంకి పురుగు చర్మంలోంచే లోపలికి పోయి పేగుల్లో చేరి రక్తం తాగుతుంది. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకే. బడిలో ఇచ్చిన బూట్లు పెళ్ళిళ్ళకని దాచుకునే పిల్లలున్నారు. నెలసరి ఎక్కువై ఎవరికీ చెప్పుకోలేని పిల్లలున్నారు. 2021లో నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ప్యాకెట్టు చేతికిస్తూ "ఎన్ని రోజులుంటోందమ్మా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఆ ఒక్క ప్రశ్నకే ముగ్గురి సంగతి బయటపడింది.

2020లో కేంద్రం తెచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లు ఆరోగ్య రాయబారులు. పోషణ, మనసు, మత్తుపదార్థాలు, ఇంటర్నెట్ జాగ్రత్తలు, ఇలా పదకొండు అంశాలు వారానికి ఓ గంట చెప్పాలి. అందుకు ఇచ్చిన పుస్తకం మంచిదే. కానీ టైంటేబుల్‌లో ఆ గంట మొదట లెక్కల వాళ్ళు అడుగుతారు, తర్వాత పదో తరగతి స్పెషల్ క్లాసు అడుగుతుంది. ఇవ్వనని చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు చెప్తున్నాను.

నేను డాక్టర్ని కాను. నా వల్ల అయ్యేది కనిపెట్టడం, అడగడం, ఏఎన్ఎం దగ్గరికో ప్రభుత్వాసుపత్రికో చేర్చడం. మనసు విషయంలో మరీ జాగ్రత్తగా ఉంటాను. మొన్నామధ్య ఒక అబ్బాయి బడి వదిలినా గేటు దగ్గరే తచ్చాడుతుంటే పక్కన కూర్చుని జామకాయ సగం చేసి ఇచ్చాను. మూడో రోజుకు గాని నోరు విప్పలేదు. ఏం చెప్పాడో ఇక్కడ రాయను. పిల్లల సహాయానికి 1098, మనసు బాగోలేనప్పుడు 14416 అని ఫోన్ నంబర్లు గోడ మీద ఎప్పుడో రాయించాం, వాడు వాటిని రోజూ చూస్తూనే ఉన్నాడు. వాడి పక్కన కూర్చుని నేనే ఫోన్ కలిపితే గాని మాట్లాడలేకపోయాడు.

ఇప్పుడు గురువారాల్లో మాత్ర అన్నం తిన్నాకే. చివరి పిల్ల చెయ్యి కడుక్కుని వచ్చాక నీళ్ళ సీసాలతో గుండ్రంగా కూర్చుంటాం. ముందు నేను వేసుకుంటాను. నిమ్మకాయ పిండిన నీళ్ళు ఎవరో ఒకరు తెస్తారు. ఆ నాయనమ్మ మనవరాలే అందరి చేతా నోరు తెరిపించి చూస్తుంది, నాలిక కింద కూడా. టిక్కులు ఆ తర్వాత పెడతాను.

నిన్న సాయంత్రం మళ్ళీ కిటికీ కిందకు వెళ్ళి చూశాను. రెండు ఉన్నాయి. ఎవరివో సోమవారం కనుక్కోవాలి.