పేరు చూసి పిలిచే కొలువు

నౌకరీకి పేరు అడ్డమవుతుందా అంటే, అవుతుందని లెక్కగట్టి చూపిన పరిశోధన సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్‌లది. ఇంగ్లీషు పత్రికల్లో పడ్డ 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు వేర్వేరు పేర్లతో 4,808 దరఖాస్తులు పంపి, ఫలితాలను 2007లో అచ్చేశారు. అర్హతలు సమానమే అయినా, అగ్రకుల హిందూ పేరును 1గా తీసుకుంటే, దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం 0.67, ముస్లిం పేరుకు 0.33. 'మేం ప్రతిభనే చూస్తాం' అనే యాజమాన్యాలకు ఇది గట్టి దెబ్బ.

అయితే ఆ దరఖాస్తుల్లో ఉన్నవన్నీ మగవాళ్ల పేర్లే. కులాన్ని విడిగా కొలవాలంటే లింగాన్ని మార్చకుండా ఉంచాలనేది పద్ధతి. పద్ధతిగా సరే. కానీ దళితుడంటే మగవాడు, స్త్రీ అంటే సవర్ణ స్త్రీ అనే పాత అలవాటు అందులోనూ నిలబడే ఉంది. మరి దళిత స్త్రీ ఎక్కడ?

మన దగ్గర పేరు పనిచేసే తీరు కూడా వేరు. ఉత్తరాదిలో లాగా ఇంటిపేరు చివర నిలబడదు; ముందు ఒక ఇంగ్లీషు అక్షరమై దాక్కుంటది. సీతాఫల్‌మండి గల్లీలో డిగ్రీ అయిన పిల్ల పేరు సునీతో, స్వప్నో అయి ఉంటది. దాంతో కులం తెలవదు. తండ్రి పేరు గడిలో 'ఎల్లయ్య' అని చూడంగనే సగం తెలుస్తది. మిగతా సగం ఇంటర్వ్యూలో అడుగుతరు: "మీ ఇంటిపేరేందమ్మా? మీ నాన్న ఏం చేస్తడు?" ఢిల్లీ ప్రాంతపు కంపెనీల్లో మేనేజర్లు 'కుటుంబ నేపథ్యం' పేరిట ఆరా తీసేది దీన్నేనని సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లోనే రాశారు. ఆడపిల్లకు ఇంకో ప్రశ్న ఎక్కువ: "పెళ్లయిందా?" కులం ప్రశ్న దగ్గర గట్టెక్కిన పిల్ల ఇక్కడ ఆగిపోతది. దేని వల్ల తీసేశారో ఎవరూ చెప్పరు. పేర్లు కప్పేసి దరఖాస్తులు చూడమనే సంస్కరణ ఈ గది దాకా రాదు.

చట్టం కూడా ఆమెను రెండు ముక్కలు చేసింది. రాజ్యాంగం 16వ అధికరణ కులాన్నీ లింగాన్నీ కలిపే పేర్కొన్నది, కానీ అది సర్కారు కొలువులకే. స్త్రీ అని కొలువివ్వకపోవడాన్ని 1976 సమాన వేతన చట్టం నిషేధించింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాటుంది. మాల అనో మాదిగ అనో తిరస్కరిస్తే ఏమిటన్నది రెంటిలోనూ లేదు. 'ఆడవాళ్లను తీసుకున్నం గదా' అని యజమాని లెక్క చూపిస్తే సరిపోతది. ఆ ఆడవాళ్లు ఏ కులాల వాళ్లని అడగడానికి చట్టంలో చోటు లేదు.

కాబట్టి థోరాట్ లెక్కను మన పరిశోధకులు ముందుకు తీసుకుపోవాలె: దళిత స్త్రీల పేర్లతో, తండ్రి పేరు గడితో సహా, తెలుగు నేల మీద. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు అడిగే ఉద్యమం కూడా అందులో ఆడపిల్లల వాటా ఎంతో ఇప్పుడే రాసుకోవాలె. 'ముందు కోటా రానీ, ఆ సంగతి తర్వాత' అంటే, ఆ 'తర్వాత' మన ఆడవాళ్లు చాలాసార్లు విన్నదే.