పరిష్కర్త: పేరు, కూలి, బాధ్యత

ఒక గ్రంథము మన చేతికి వచ్చినప్పుడు రచయిత పేరును చూతుము; ప్రకాశకుని పేరును చూతుము; ముద్రణాలయము పేరు సైతము ఏదో యొక పుటలో కనబడును. ఆ రచనలోని తప్పులు దిద్ది, కొరతలు చూపి, చదువదగినదిగా చేసిన పరిష్కర్త పేరు మాత్రము తరచుగా కానరాదు. ఏ కార్యాలయమునకును కట్టుబడక, ఇంటనే కూర్చుండి, ఒక దినము మాసపత్రికకును, మరియొక దినము విశ్వవిద్యాలయ పరిశోధకునకును, వేరొక దినము వెబ్‌సైటునకును ఈ పని చేయువారు నేడు మన నడుమ నున్నారు. వారికి మనమిచ్చు విలువ న్యాయమైనదేనా యని విచారింపవలసి యున్నది.

ఇది క్రొత్త వృత్తి కాదు. బ్రౌన్ దొర పండితులను నియమించి, జీతములిచ్చి, వ్రాతప్రతులను సరిపోల్పించి పాఠములను నిర్ణయింపజేసెను. ఆయన వేమన పద్యములు 1829 లోను, నిఘంటువు 1852 లోను అచ్చుపడినవి. బ్రౌన్ పేరు బడిపిల్లలు సైతము ఎరుగుదురు. జూలూరి అప్పయ్యవంటి ఆ పండితుల పేళ్లను ఎందరెరుగుదురు?

పాలమూరు సీమలో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారి కృషి ఈ వృత్తి విస్తృతిని తెలుపును. 1926 లో గోలకొండ పత్రికను ఆరంభించిన ఆయన, తెలంగాణమున కవులు లేరన్న నిందకు 1934 లో గోలకొండ కవుల సంచికతో బదులిచ్చిరి. అందు చోటు చేసికొన్న కవులు 354 మంది. వాదముతో గెలువవచ్చిన దానిని ఆయన సేకరణముతో గెలిచిరి. అక్షరదోషములను దిద్దుటతో పరిష్కర్త పని ముగియదు; ఎవరి మాట లోకమునకు చేరలేదో వెదకుటయు ఆతని పనియే.

ఇక నేటి స్థితిని చూతము. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ ప్రాంతమును ఉదాహరణముగా గైకొందము. అచటి భూగర్భజలములందలి ఫ్లోరైడు వలన ఎందరికో దంతములు చెడినవి, నడుములు వంగినవి. ఈ ఒక్క విషయమే పత్రికావ్యాసముగా, పరిశోధన గ్రంథముగా, వెబ్‌సైటు పుటగా ఒకే పరిష్కర్తయొద్దకు వచ్చెననుకొందము.

పత్రికావ్యాసములో ఒక వృద్ధురాలు 'బొక్కలు గుంజుతున్నయి' అని చెప్పినది. తెలంగాణమున బొక్క యనగా ఎముక. ఇతర ప్రాంతముల వ్యవహారమున బొక్క యనగా రంధ్రము. ఆ సీమ నెరుగని పరిష్కర్త దానిని తప్పని తలచి కొట్టివేయును. లేదా 'ఎముకలు నొప్పిపెట్టుచున్నవి' అని మార్చి తృప్తిపడును. వాక్యము శుద్ధమైనది గాని వృద్ధురాలు వెడలిపోయినది. అర్థము తెలియదని భయమున్నచో ప్రక్కనే ఒక మాట వివరణము చేర్చవచ్చును గదా! దోషమును దిద్దుట వేరు, మాండలికమును తుడిచివేయుట వేరు. ఈ భేదము తెలియని వాడు ఎన్ని వ్యాకరణములు చదివినను పరిష్కర్త కాజాలడు.

పరిశోధన గ్రంథమున ప్రమాదము వేరు. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు వరకు మేలనియు, వేరు నీరు దొరకనిచో 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఒక్క బిందువు జారినచో 1.5 కాస్త 15 అగును. అట్టిది కనిపెట్టి ప్రశ్నించుట పరిష్కర్త ధర్మము. కాని విద్యార్థి చేయని వాదమును తాను చేయరాదు. లేని ముగింపును తాను వ్రాయరాదు. విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము 2018 లో గ్రంథచౌర్యమును అరికట్టుటకు నిబంధనలు చేసినది. అవి యితర గ్రంథములతోడి పోలికను కొలువగలవు; కూలికి వ్రాయించిన క్రొత్త వాక్యమును ఆ కొలత పట్టజాలదు. అచట కాపలా పరిష్కర్త మనస్సాక్షియే.

వెబ్‌సైటున కాలమే శత్రువు. ఏనాడో పరీక్షించిన బావినీటి లెక్క నేటిదివలె నిలిచియుండును. ఒకరినుండి మరియొకరు ఎత్తి వ్రాయుదురు. 2016 లో ప్రారంభమైన మిషన్ భగీరథ శుద్ధిచేసిన నీటిని గ్రామములకు తెచ్చుటకై ఏర్పడినది. కావున పాత బావి లెక్కను నేటి కుళాయినీటికి అంటగట్టుట అసత్యము. క్రొత్త నీరు వచ్చినది గనుక బాధ తీరెననుటయు అసత్యమే. వంగిన ఎముక నీరు మారినంతనే నిటారు కాదు. ప్రతి లెక్క ప్రక్కను సంవత్సరము నుంచుటయే ఈ రెండు అసత్యములకును మందు.

2003 లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ఎవరు ఏ మాటను ఏ దినమున దిద్దిరో చరిత్రయంతయు నిలుచును. ఆ పని చేయువారు స్వచ్ఛంద సేవకులు. కూలికి దిద్దించు పత్రికలలోను గ్రంథములలోను దిద్దిన చేతి జాడయే యుండదు. పేరున్న చోట కూలి లేదు. కూలి యున్న చోట పేరు లేదు. ఇది విచిత్రమైన న్యాయము!

పరిష్కర్త కూరలో ఉప్పువలె కనబడక రుచి నీయవలెనని కొందరు పెద్దలందురు. మంచిదే. ఉప్పు కూరలో కనబడకపోవచ్చును; అంగడిలో దానికి వెల యున్నది. పేరు లేనందున కూలి చెడుట ఒక్కటే నష్టము కాదు, బాధ్యతయు చెడును. వృద్ధురాలి మాటను తుడిచివేసినదెవరు? బిందువును జారనిచ్చినదెవరు? పేరు లేని చోట అడుగుటకు మనిషి లేడు.

కావున చేయదగినవి మూడు. పని మొదలగుటకు ముందే ప్రతిఫలమును గడువును కాగితముపై నిర్ణయింపవలెను. దిద్దిన ప్రతిని అచ్చుకు ముందు రచయితకు చూపవలెను. పరిష్కర్త వలదన్నప్పుడు తప్ప ఆతని పేరు ప్రకటింపవలెను. పరిశోధన గ్రంథమున ఆతడు ఎంతవరకు తోడ్పడెనో విద్యార్థియే చెప్పవలెను. ఇందు ప్రకాశకులకు పెద్ద వ్యయమేమియు లేదు.

పాఠకులకును ఇందు భాగమున్నది. గ్రంథము కొనునప్పుడు రచయిత ఎవరని అడుగుదుము. పరిష్కర్త ఎవరని కూడ అడుగుట నేర్చిన దినమున ప్రకాశకులు చెప్పుట నేర్తురు.